పొన్న చెట్టు కింది రాగిణి

చిక్కడపల్లిలో విద్యావతి గారు బట్టలు పెరట్లో ఆరేయరు. ఆరేస్తే ఉప్పుగాలికి అప్పడాల్లా బిర్రబిగుసుకుపోతాయి. మోకాళ్ళ నొప్పులున్నా సరే, బకెట్టు మోసుకుంటూ డాబా ఎక్కుతారు. పెరట్లో సముద్రం ఉన్న ఇల్లాలికి ఇలాంటి తిప్పలు తప్పవు మరి. పక్కింటి కిషన్ రావుకైతే స్కూటర్‌కు తుప్పు పట్టినప్పుడల్లా గోడ మీంచి తల పెట్టి గొడవ చేయడం అలవాటు.

"అమ్మా, మీ సముద్రాన్ని జర అదుపుల పెట్టుండ్రి. సైలెన్సర్ మొత్తం తినేసింది."

"నేను చెప్తె వింటదా అన్నా? మీరే ఒక్కసారి చెప్పి చూడుండ్రి," అని ఆవిడ చింతపండు పిసుక్కుంటూనే జవాబిచ్చేవారు.

వీధిలోంచి చూస్తే ఆ ఇంటికి ఏ ప్రత్యేకతా లేదు. ఇనుప గేటు, తులసికోట, రెండు గదులు, వంటిల్లు, దాని వెనక వసారా. వసారా చివర ఆకుపచ్చ తలుపు. ఆ తలుపు తీస్తే తోట. ముందు అరటి, పోక, పనస చెట్లు. కాస్త లోపలికి పోతే గొడుగులంత ఆకులున్న చేమ మొక్కలు, మొగలి పొదలు, పేరు తెలియని ఎర్రపూల తీగలు. అవన్నీ దాటితే కొబ్బరి చెట్లు, ఒక పెద్ద పొన్న చెట్టు, ఇసుక. ఆపైన సముద్రం. మున్సిపాలిటీ వాళ్ళు ఒకసారి టేపు పట్టుకుని వచ్చారు. ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడిచి, కొంతదూరం కొలిచి, విసుగొచ్చి 'పెరడు' అని రాసుకుని పోయారు.

ఆదివారం మధ్యాహ్నాలు ఆ తలుపు అశోక్‌నగర్ హాస్టళ్ళ పిల్లలకు తెరిచి ఉండేది. పాపం, వాళ్ళవి కిటికీల్లేని గదులు. మంచం దిగితే ఇంకొకరి మంచం. ఆరు రోజులు కోచింగుల్లో, లైబ్రరీలో కూర్చుని కూర్చుని పిల్లల ముఖాలు పాలిపోతున్నాయని విద్యావతి గారే రమ్మన్నారు. ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చేవారు, రెండు అరటిపళ్ళో, మూరెడు మల్లెపూలో. వసారాలో గోడవారగా ఒక చెక్క అరమర ఉంది. చెప్పులు అక్కడ విడిచి లోపలికి పోవాలి. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఆవిడ ఒక్కొక్కరికీ చెప్పేవారు.

"చెప్పులు యాది పెట్టి తొడుక్కొని పోండ్రి."

అందరూ సరేననేవారు. గడప తగులుతుంది చూసుకో అంటే ఎలా సరేనంటామో అలా.

నవనీత ఆ తోటకు మొదటిసారి వెళ్ళింది రాగిణితోనూ అంబికతోనూ. ముగ్గురిదీ ఒకే గది, ఒకే మెస్సు, ఒకే పరీక్ష. నవనీతది జనగామ దగ్గర ఊరు. నాన్న ఉప్పలయ్య పాల కేంద్రంలో పనిచేస్తాడు. అంబికది కవాడిగూడే. ఇంట్లో చిన్నపిల్లల గోలకు చదువు సాగక హాస్టల్లో చేరింది. రాగిణిది చేర్యాల పక్కన పల్లె. ముగ్గురిలో నవ్వులమ్మ ఆమే. అన్నంలో రాయి వచ్చినా నవ్వేది, కోచింగ్ సారు తప్పు చెప్పినా నవ్వేది. నవ్వితే పక్క గది వాళ్ళు గోడ మీద కొట్టేవారు. ముగ్గురూ పొన్న చెట్టు కింద చేరి, రాలిన తెల్లపూలు దండ కట్టుకుంటూ రాజ్యాంగం ఒప్పజెప్పుకునేవారు. అలలు వచ్చి వాళ్ళ మడమలు తడిపి పోయేవి. నవనీతకు నగరంలో సొంతమనిపించింది ఆ కాస్త చోటే.

రాగిణికి ఉద్యోగం మూడుసార్లు కొద్దిలో తప్పిపోయింది. తనకు శని పట్టిందని ఆమెకు నమ్మకం కుదిరింది. గుడి ముందు చెప్పులు పోతే శని పోయినట్టేనని మనకు తెలిసిందే కదా. రాగిణి శనివారం పనిగట్టుకుని గుడి మెట్ల దగ్గర చెప్పులు వదిలి, గంటసేపు లోపల కూర్చుని వచ్చింది. చెప్పులు అక్కడే ఉన్నాయి. మరో వారం మళ్ళీ వదిలింది. మళ్ళీ ఉన్నాయి. ఒకదానికి నీలం పట్టీ, ఇంకొకదానికి నల్ల పట్టీ ఉన్న ఆ హవాయి చెప్పుల్ని దొంగ కూడా ముట్టలేదు.

"నా శనికి కూడ గిరాకి లేదే," అని పడీ పడీ నవ్వింది.

రేపు రిజల్ట్ అనగా ముందురోజు ఆదివారం. తోట నుంచి వచ్చేటప్పుడు రాగిణి చెప్పులు వేసుకోలేదు. "ఈడ వదిలేస్త. ఇంటమ్మ ఎవరి చెప్పులూ పారెయ్యదు గద, ఈడ్నే పడుంటయి. గుళ్ళె లెక్క తిరిగి నా కాళ్ళకు రావు," అంది. విద్యావతి గారు అప్పుడు డాబా మీద బట్టలు తీస్తున్నారు. చెప్పేవాళ్ళు లేరు. రాగిణి ఉత్త కాళ్ళతో అశోక్‌నగర్ దాకా నడిచింది. దారిలో ఒక్కసారి కూడా నవ్వలేదన్న సంగతి నవనీతకు చాలా రోజుల తర్వాత గానీ గుర్తుకు రాలేదు.

మరునాడు రాగిణికి ఉద్యోగం వచ్చింది. ఖానాపూర్‌లో జూనియర్ అసిస్టెంటు. హాస్టలంతా ఎగిరి గంతులేసింది. రాగిణి మాత్రం "మంచిదే" అని, పెట్టె సర్దుకుని, నెల తిరక్కుండానే వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక వచ్చిన ఆదివారం నవనీత ఒంటరిగా తోటకు వెళ్ళింది. పొన్న చెట్టు కింద రాగిణి కూర్చుని ఉంది. అదే ఆకుపచ్చ కుర్తా. ఒడి నిండా పూలు.

"రిజల్ట్ వచ్చిందా?" అని అడిగింది రాగిణి.

నవనీత ఒక్క క్షణం నిలబడింది. ఆ తర్వాత పక్కన కూర్చుంది. "రేపు," అంది.

"రేపేనా? అయితె ఇంకో దండ కడుదమే," అని రాగిణి పకపకా నవ్వింది. ఆ నవ్వు విని నవనీతకు ప్రాణం లేచొచ్చింది.

అప్పటినుంచి ఏడాది గడిచింది. ప్రతి ఆదివారం రాగిణి అదే అడిగేది, నవనీత అదే చెప్పేది. తోటలో ఎప్పుడూ రిజల్ట్‌కు ముందురోజే. అంబిక కూడా వచ్చేది. ఆమెకు ఇందులో వింతేమీ కనిపించలేదు.

"బయటి రాగిణికి జీతం, లోపటి రాగిణికి సముద్రం. ఇంకేం గావాలె మనిషికి?" అనేది కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని. "నువ్వు కూడ వదిలెయ్ నవనీత. నీ చెప్పులేమన్న బంగారువా?"

నవనీత చెప్పులు బంగారువి కావు. కుడికాలి పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుంది. నడుస్తుంటే అప్పుడప్పుడు గుచ్చుకునేది.

బయటి రాగిణి ఫోన్ ఎత్తేది. "ఆ", "తిన్న", "మంచిదే" అనేది. అంతే. ఆఫీసులో ఆమెకు మంచి పేరు. అలిసిపోదు, విసుక్కోదు, సెలవడగదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే ఒకసారి పనిమీద హైదరాబాద్ వచ్చినప్పుడు నవనీత ఆమెను విద్యావతి గారింటికి తీసుకుపోయింది. రాగిణి ఆకుపచ్చ తలుపు తీసింది. ఆమెకు అక్కడ బట్టలుతికే బండ, విరిగిన కూలరు, పక్క అపార్ట్‌మెంట్ గోడ కనిపించాయి. లోపల ఉన్న మనిషిని ఆ తలుపు రెండోసారి లోపలికి రానివ్వదు. "ఇక్కడ ఏదో ఉండె గద," అని కాసేపు చూసి, తన చెప్పులు కంటికే ఆననట్టు వాటి పక్కనుంచే నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆరోజు విద్యావతి గారు నవనీతను ఆపి కూర్చోబెట్టారు.

"ఆ చెప్పులు సంచిల వేసుకొని పోతె పొద్దటికి మళ్ళ అరమరలనే ఉంటయి. కాళ్ళకు తొడుక్కొనే బయటికి పోవాలె. నీవి ఇడిసిపెట్టి ఆమెవి తొడుక్కుంటె నువ్వు ఉండిపోతవ్. అందుకని ఒకనాడు చెప్పుల్లేకుండ రా. వచ్చి, ఆమె చెప్పులు తొడుక్కొని వీధిలకు పో, లోపటి రాగిణి పోయి బయటి రాగిణిల కలుస్తది. గంతే."

"గంతేనా అమ్మా?"

"గంతే. కానీ తొందరగ చెయ్."

అరమర పై వరుసలో తోలు చెప్పుల జత ఒకటి ఉంది. విద్యావతి గారు దాని వంక చూశారు. ఆవిడ భర్త బాలకిషన్ గారివి. పెళ్ళయిన కొత్తల్లో, ఏదో ప్రమోషన్ రావాలని, ఆయన వాటిని వదిలారు. ప్రమోషన్ వచ్చింది. ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేసి, పింఛను తీసుకుని, గుండెపోటుతో పోయారు. తోటలో మటుకు మీసాలు నల్లగా ఉన్న బాలకిషన్ గారు ఇప్పటికీ ఒడ్డున బండమీద కూర్చుని చెవికి ట్రాన్సిస్టర్ ఆనించుకుని ఉంటారు. రోజూ సాయంత్రం ఆవిడ చాయ్ తీసుకుపోతారు. ఆయన ఆవిణ్ణి చూసి, ఎవరో పెద్దామె అనుకుని, లేచి నిలబడి గ్లాసు అందుకుంటారు.

"నేను రేపు మాపు అనుకుంట ఉండిపోయిన," అన్నారు విద్యావతి గారు. "రోజంత ఆఫీసు మనిషితోని, సాయంత్రం ఈయనతోని. బాగనే ఉండె. బయటి మనిషి పోయినంక తెలిసింది. ఇప్పుడు నేను తొడుక్కొని పోతె లోపటాయన ఎక్కడికి పోవాలె? పోనీకె మనిషి లేడాయె."

నవనీత తలూపింది. వచ్చేవారం ఉత్త కాళ్ళతో వస్తానంది. ఆ ఆదివారం హాస్టల్ మెట్లు దిగుతుంటే కాళ్ళు వాటంతటవే చెప్పుల్లో దూరాయి. ఎండ ఎక్కువగా ఉందని తనకు తానే చెప్పుకుంది. తర్వాతి వారం వానని చెప్పుకుంది. అసలు సంగతి ఆమెకు తెలుసు. రాగిణి బయటికి పోతే ఖానాపూర్ పోతుంది. పొన్న చెట్టు కింద ఎవరుంటారు? ఆరు రోజుల ఒంటరితనం మోసుకుంటూ వెళ్ళి ఎవరి పక్కన దించుకోవాలి? ఏడాదిగా నవనీత చెప్పులు వేసుకునే తోటకు పోతోంది. ప్రతి శనివారం రాత్రి సిగ్గుపడుతోంది. ప్రతి ఆదివారం మళ్ళీ వేసుకుంటోంది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. నవనీత రాసిన పరీక్షకు సోమవారం రిజల్ట్ అన్నారు. ఇదే ఆఖరుసారి. ఇది పోతే ఇంటికి వచ్చెయ్యమని నాన్న మెల్లగా చెప్పాడు. తిట్టి చెప్పినా బాగుండేది. ఆ ఆదివారం పొద్దున్నే అంబిక మంచం మీద కూర్చుని అడిగింది.

"ఇయ్యాల వదిలేస్తవా లేదా?"

"వదిలేస్త," అంది నవనీత. ఆ మాటతో పాటు భయమూ, అంతకంటే ఎక్కువ హాయీ కలిగాయి. చెట్టు కింద ఇద్దరూ ఉండొచ్చు. ఉద్యోగానికి పోయేది పోతుంది.

అప్పుడే కింద నుంచి వార్డెన్ పిలిచింది, ఎవరో వచ్చారని.

వచ్చింది దుర్గమ్మ, రాగిణి తల్లి. మెట్ల మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. కాళ్ళకు చెప్పుల్లేవు.

"చిన్నమ్మా, గీ ఎండల చెప్పుల్లేకుండ ఎట్లొచ్చినవ్?"

"మొక్కిన బిడ్డ. కొమురెల్లి మల్లన్నకు మొక్కిన. నా బిడ్డ నవ్వు ఇనేదాంక చెప్పులు తొడగ అని." దుర్గమ్మ నవనీత చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "నౌకరి ఇంటికొచ్చింది గని నా బిడ్డ రాలే. కూరల ఉప్పెక్కువైనా అనది, తక్కువైనా అనది. ఎత్తుకొని పెంచిన నాయనమ్మ పోతె కండ్ల నీళ్ళు రాలే. 'మంచిదే' అన్నది. సావు మంచిదేందే అని కొట్టిన. కొట్టినా ఏమనలే."

నవనీత తన చెప్పుల కాళ్ళను మెట్టు కిందికి లాక్కుంది.

"మీరంత కల్సి ఉన్నరు గద. నా బిడ్డ ఈడ్నే ఏడనో ఉండిపోయింది, గొడుగు మర్చిపోయినట్టు. జర యాది చేసుకో తల్లి. ఏడ పోయిండ్రు, ఏడ కూసున్నరు?"

"నాకు తెల్వది చిన్నమ్మా," అంది నవనీత. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమెకే భయమేసింది.

దుర్గమ్మ నమ్మింది. "గట్లనా. పోనీ, ఆ లైబ్రరీ కాడ అడిగొస్త," అని లేవబోయి, అమ్మా అని మళ్ళీ కూర్చుంది. నవనీత ఆమె పాదం ఒళ్ళో పెట్టుకుని చూసింది. తారు రోడ్డుకు అరికాలు బొబ్బలెక్కి, ఒకటి చిట్లి, దుమ్ము అంటుకుని ఉంది. నీళ్ళు తెచ్చి కడిగింది. కొబ్బరినూనె రాసింది. రాస్తూ రాస్తూ ఆగిపోయింది. తను రాగిణి కోసం ఏడాదిగా చేయలేని పని ఈ కాళ్ళు చేస్తున్నాయి, అదీ ఎక్కడికి నడుస్తున్నాయో తెలియకుండానే.

"లే చిన్నమ్మా. పోదాం."

"ఏడికి?"

"రాగిణి కాడికి."

అంబికను కూడా పిలుచుకుని, అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి దాకా ముగ్గురూ ఆటోలో వెళ్ళారు. వసారాలో విద్యావతి గారు దుర్గమ్మ కాళ్ళ వంక చూశారు, తర్వాత నవనీత వంక చూశారు. ఆ చూపును నవనీత భరించలేక తల దించుకుంది. ఆవిడ అరమరలో కింది వరుస చూపించి, చేయవలసిన పని చెప్పారు.

దుర్గమ్మ వంగి చూసింది. "ఈ నల్లపట్టీ నేనే ఏసిన. చేర్యాల అంగట్ల కొని, సూది కాల్చి రంధ్రం పెట్టిన," అని వాటిని కొంగుతో తుడిచింది. తుడిచాక లేచి నిలబడి, "ముందుగాల నా బిడ్డను సూడాలె," అంది.

నవనీత, అంబిక చెప్పులు విడిచారు. దుర్గమ్మకు విడవడానికేం లేవు.

తోటలో గాలి తడితడిగా ఉంది. మొగలి వాసన ముక్కుపుటాలకు తగులుతోంది. దారి పొడుగునా చెట్ల కింద అక్కడక్కడా మనుషులు కూర్చుని ఉన్నారు, ఎప్పుడెప్పుడో చెప్పులు వదిలి వెళ్ళినవాళ్ళు. ఒకతను పాత ప్రశ్నపత్రం మడతపెట్టి విసురుకుంటున్నాడు. పెళ్ళిచూపుల చీరలో ఒకామె అద్దం లేకుండానే జడ సరిచేసుకుంటోంది. అందరి ముఖాల్లోనూ రేపటి కోసం అదే ఎదురుచూపు. ఇన్నాళ్ళూ వాళ్ళు సంతోషంగా ఉన్నారనుకుంది నవనీత. ఈసారి వాళ్ళ పక్కనుంచి నడుస్తుంటే ఒళ్ళు జలదరించింది. పొద్దున తను వదిలేస్తానన్న చెప్పులు గుర్తొచ్చాయి.

రాగిణి దండ కడుతోంది. తల ఎత్తి చూసింది.

"అమ్మా! నువ్వెప్పుడొచ్చినవ్? రిజల్ట్ వచ్చిందా?"

"రే..." అని నవనీత నాలుక అలవాటుగా కదిలింది. అంతలో దుర్గమ్మ ఇసుకలో చతికిలబడి కూతురి ముఖాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"వచ్చింది బిడ్డ. ఎప్పుడో వచ్చింది. నీకు నౌకరొచ్చింది. నాయనమ్మ పోయింది. బర్రె ఈనింది, దూడ మంచిగున్నది. ఇంటికాడ మస్తు పనులున్నయి. లే."

రాగిణి చేతిలో దారం జారిపోయింది. ఆమె నవనీత వైపు తిరిగింది. "వచ్చిందా? మరి నువ్వు రేపన్నవ్?"

నవనీత జారిన దారాన్ని ఇసుకలోంచి తీసింది.

"ఎన్నిసార్లు రేపన్నవే?"

"శానాసార్లు," అంది నవనీత.

రాగిణి ఆమెను చాలాసేపు చూసింది. కోపం వస్తుందేమోనని నవనీత ఎదురుచూసింది. వస్తే బాగుండుననుకుంది. రాగిణి ఒడిలో పూలు దులిపి, కట్టినంతవరకు దండ నవనీత చేతిలో పెట్టింది. "మరి నీది?" అని అడిగింది.

"నాది రేపే. ఈసారి నిజంగ రేపే."

తిరుగుదారిలో నలుగురూ నడిచారు. ఆకుపచ్చ తలుపు దగ్గర రాగిణి ఆగిపోయింది. తలుపు దాటి ఆమె కాలు కదలలేదు. దుర్గమ్మ వసారాలోకి వచ్చి, ఆ చెప్పుల ముందు నిలబడింది. అప్పుడామెకు మొక్కు గుర్తొచ్చింది. ముఖం వాడిపోయింది.

"బిడ్డ నవ్వు ఇనేదాంక తొడగ అంటి. తొడుగుతె గని బిడ్డ రాదంటిరి. ఎట్ల మరి?"

దేవుడికిచ్చిన మాట సంగతిలో పక్కవాళ్ళు సలహా ఇవ్వలేరు. దుర్గమ్మ కళ్ళు మూసుకుని, కొమురవెల్లి ఏ దిక్కున ఉందో అంచనా వేసుకుని అటు తిరిగి దండం పెట్టింది.

"మల్లన్నా, తప్పయితె నాకే తగలనీ. నువ్వు జర అటు తిరుగు," అని బొబ్బలెక్కిన కాళ్ళను ఆ చెప్పుల్లో దూర్చింది.

అవి ఆమెకు చిన్నవి. మడమలు బయటికి వచ్చాయి. కుంటుకుంటూ వంటిల్లు దాటింది, రెండు గదులు దాటింది, తులసికోట దాటి గేటు బయట వీధిలో నిలబడింది. నవనీత వసారాలోంచి వెనక్కి చూసింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. గడప మీద తడి పాదాల ముద్రలు మాత్రం ఉన్నాయి. అవి కూడా చూస్తుండగానే ఆరిపోయాయి.

వీధిలో దుర్గమ్మ కొంగున కట్టుకున్న ఫోన్ మోగింది. నవనీత గేటు దాకా పరుగెత్తి, లోపలే ఆగి, ఊచల మధ్యనుంచి చెయ్యి పెట్టి ఆమెకు బటన్ నొక్కి ఇచ్చింది. అందరికీ వినిపించేంత గట్టిగా వచ్చింది ఆ గొంతు.

"అమ్మా, నా కాళ్ళకు ఇసుక అంటుకున్నది. కిరాయి గదిలంత ఇసుకే. అమ్మా, నాయనమ్మ పోయిందానే?"

ఆ తర్వాత ఏడుపు. ఖానాపూర్‌లోని ఆ గదిలో కూర్చుని రాగిణి నాయనమ్మ కోసం మొదటిసారి ఏడ్చింది. దుర్గమ్మ గేటు ఊచ పట్టుకుని "ఏడువు తల్లి, ఏడువు," అంటూ తానూ ఏడ్చింది. కిషన్ రావు స్కూటర్ తుడవడం ఆపి లోపలికి వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి ఆ గొంతు ముక్కు చీదుకుని అడిగింది. "నా చెప్పులు తొడుక్కున్నవా? నీ ఏనుగు కాళ్ళు పట్టినయా గందుల?" అడిగి, నవ్వింది. గోడ మీద కొట్టాలనిపించే ఆ పాత నవ్వే.

దుర్గమ్మ ఆకాశం వంక చూసింది. "ఇన్నవా మల్లన్నా? జరంత ముందుగాల తొడిగిన. గంత లెక్క చూడకు," అంది.

ఫోన్ పెట్టేశాక ఆమె నవనీత వైపు తిరిగింది. అడుగుతుందని నవనీతకు తెలుసు.

"నీకు ముందుగాల్నే తెల్సా బిడ్డ?"

"తెల్సు చిన్నమ్మా. ఏడాది సంది తెల్సు."

దుర్గమ్మ గేటు ఊచ వదిలింది. నవనీత చేతిలో పూలదండ వంక చూసింది. ఆ పిల్ల పాలిపోయిన ముఖం వంక, తెగిన గోళ్ళ వంక చూసింది. చివరికి చెయ్యెత్తింది. కొడుతుందని నవనీత కళ్ళు మూసుకుంది. దుర్గమ్మ గేటు మీంచి ఆమె తల నిమిరింది.

"ఒక్కదానివే ఉంటివి గద ఈడ," అంది.

వాళ్ళు బయల్దేరే వేళకు వసారాలో చీకటి పడుతోంది. విద్యావతి గారు రోజూలాగే చాయ్ గ్లాసు పట్టుకుని తోటలోకి పోతున్నారు. దూరంగా బండమీద ట్రాన్సిస్టర్ గరగరమంటోంది. పిన్నీసు పెట్టిన చెప్పులు అరమర ముందు నవనీత కోసం ఎదురుచూస్తున్నాయి.

"రేపే రిజల్ట్," అని అంబిక చెవిలో అంది. "పొద్దుగాల వదిలేస్తనన్నవ్. ఆలోచించు."

నవనీత పై వరుసలోని తోలు చెప్పులను చూసింది. కింది వరుసలో ఖాళీ అయిన చోటు చూసింది. అక్కడ కాస్త ఇసుక మిగిలి ఉంది. ఆమె తన చెప్పులు తొడుక్కుంది. పిన్నీసు గుచ్చుకుంది.

"శని ఉంటె ఉండనియ్," అంది. "నాతోనే వస్తది."

మరునాడు మధ్యాహ్నం చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో చూసుకుంది. చుట్టూ ఎవరో అరుస్తున్నారు, ఎవరో ఎవరినో ఎత్తుకుంటున్నారు. నవనీత నంబరు లేదు. మళ్ళీ చూసింది. పక్కనున్న అబ్బాయి ఫోన్ అడిగి అందులోనూ చూసింది. లేదు. నాన్నకు ఎలా చెప్పాలో తెలియలేదు. నాలుగు వీధుల అవతల పెరట్లో ఇంకా నిన్నటి రోజే ఉందని, ఇప్పుడైనా నడిచి వెళ్ళి చెప్పులు విడిచేయొచ్చని కాళ్ళకు తోచింది. కాళ్ళు లేచాయి కూడా.

ఫోన్ మోగింది.

"రిజల్ట్ వచ్చిందా?" అని అడిగింది రాగిణి.

ఏడాదిగా నాలుక చివర సిద్ధంగా ఉండే మాట ఈసారి రాలేదు.

"వచ్చింది," అంది నవనీత. "నాది లేదే."

అనడంతోనే ఏడుపు వచ్చింది. లైబ్రరీ మెట్ల మీద, అంతమంది మధ్య, సిగ్గులేకుండా, గుక్కపట్టి ఏడ్చింది. హాస్టల్లో గడిపిన నాలుగేళ్ళ ఏడుపు. అందులో ఒక్క చుక్క కూడా ఎక్కడా దాచిపెట్టి రాలేదు. మొత్తం ఆమెదే.

రాగిణి అవతల ఓపిగ్గా వింది. వెనక బస్సు హారను, కండక్టరు కేకలు వినిపిస్తున్నాయి.

"ఏడువు. మంచిగ ఏడువు. నేను బస్సెక్కిన, వస్తున్న," అంది. "కానీ ఏడికి పోకు. నేనొచ్చేదాంక నీ చెప్పులు నీ కాళ్ళకే ఉండాలె."

నవనీత కిందికి చూసుకుంది. ఉన్నాయి.